పిట్టగోడ సంవాదము: సటీకాతాత్పర్యము

అవతారిక

మృగశిర కార్తె ప్రవేశించిన వారంలో, హైదరాబాదు శివారు కాలనీ ఒకదానిలో, ఆనుకుని ఉన్న మిద్దెల మీద ఉదయం ఆరున్నరకు జరిగిన సంవాదమిది. పాత్రలు ముగ్గురు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన బ్యాంకు ఉద్యోగిది తూర్పు మిద్దె. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్కల సారుది పడమటి మిద్దె. ఇద్దరూ మిద్దెతోట వ్యసనపరులు. ఎర్రమట్టి ఎంత, కొబ్బరి పొట్టు ఎంత, వర్మీకంపోస్టు ఎంత అన్న పాళ్ల మీద కాఫీ చల్లారేదాకా వాదించుకోగల సమర్థులు. మూడో పాత్ర డెబ్బై దాటిన వెనకింటి పిన్నిగారు. రంగంలోకి ఆలస్యంగా వస్తారు.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథ సూరి రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. మొదటిది ఈ వ్యాఖ్యాతకూ శిరోధార్యమే. రెండోది ఇక్కడ కుదరదు. అక్కర్లేని మాటలన్నీ తీసేస్తే ఈ మూలంలో సొరకాయలు తప్ప మరేమీ మిగలవు.

మూలము

తూర్పు: ఏం సార్, మబ్బు పట్టినట్టుంది?
పడమర: పట్టింది గానీ పడేట్టు లేదు. మొన్న గూడ ఇట్లనే ఊరించి పోయింది.
తూర్పు: నీళ్లు పోశారా మరి?
పడమర: పొయ్యాలె. చూస్తున్న. తీరా పోసినంక వాన పడితే దండుగ గద.
తూర్పు: నిజమేలెండి. పందిరి ఎందాకా వచ్చింది?
పడమర: నడుస్తుంది. పైపులు వచ్చినయ్. ఇగ కోసేది ఒక్కటే ఉన్నది.
తూర్పు: మా సొరకు పిందె నిలవట్లేదండీ. అన్నట్టు మీ డ్రిల్లింగ్ మెషీన్ ఖాళీగా ఉందా?
పడమర: మెషీన్ ఉన్నది. బిట్టే కనిపిస్తలేదు.
పిన్నిగారు: సొరకాయలు నాలుగు కోశాను నాయనా, రెండు తీసుకుపోండి. పాదుకు నీళ్లు తెల్లారగట్లే పోసేశాను.

ఒకటవ వాక్యము

ప్రతిపదార్థము: ఏం = ఏమి (ఇది ప్రశ్న కాదు, దగ్గుకు పర్యాయము); సార్ = ఓ పొరుగువాడా; మబ్బు = మేఘము; పట్టినట్టు = ఆవరించిన విధముగా; ఉంది = కలదు.

తాత్పర్యము: ఓ పొరుగువాడా, నీవును నేనును తలయెత్తి చూచుచున్న యీ యాకాశమందు, మన యిరువురకును స్పష్టముగా గనబడుచున్న మేఘము, కలదేమో యని తోచుచున్నది.

శంక: ఇద్దరి కళ్లకూ కనిపిస్తున్నదాన్ని అడగడమెందుకు? పోనీ, "పట్టింది" అని తేల్చి చెప్పక "పట్టినట్టుంది" అని నానబెట్టడమెందుకు?

సమాధానం: తేలిస్తే అవతలి మనిషి "ఔను" అని కిందికి దిగిపోతాడు. తేల్చనిదాన్ని తేల్చే బాధ్యత ఆయన మీద పడుతుంది కాబట్టి నిలబడతాడు. ఒక వస్తువును మరో వస్తువుగా ఊహిస్తే ఉత్ప్రేక్ష. మబ్బునే మబ్బుగా ఊహించే ఈ అలంకారానికి మన లాక్షణికులు పేరు పెట్టలేదు. వాళ్ల కాలంలో పిట్టగోడలు లేవని సరిపెట్టుకుందాం.

రెండవ వాక్యము

పట్టింది = ఆవరించెను; గానీ = అయినను; పడేట్టు లేదు = వర్షించు సూచన లేదు. తక్కినది సుగమం.

ఇది సారు అనుభవంతో అన్న మాట, కొట్టిపారేయడానికి వీల్లేదు. నైరుతి గాలి అరేబియా సముద్రం మీదుగా మోసుకొచ్చిన తేమలో పెద్ద వాటా పడమటి కనుమలే వసూలు చేసుకుంటాయి. కనుమలు దాటి వచ్చింది దక్కను మీద మబ్బుగా పెత్తనం చేస్తుంది. ఎక్కువసార్లు బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఇటు కదిలితేనే ఇక్కడ దండిగా వాన. కాబట్టి జూన్ ఆకాశం నల్లబడడం ఒక సంగతి, గ్రో బ్యాగు తడవడం మరో సంగతి.

"మొన్న" అనే పదం మీద కొంచెం ఆగాలి. మొన్న పడిందా, పడలేదా? వాతావరణ శాఖ లెక్కలో ఇరవై నాలుగు గంటల్లో 2.5 మిల్లీమీటర్లు పడితేనే అది వానరోజు. ఆ కొలత తీసేది ఉదయం 8.30కి. ఈ సంవాదం నడిచేది ఆరున్నరకు. అంటే ప్రభుత్వ లెక్క రావడానికి రెండు గంటల ముందే ఇద్దరూ తమ తమ తీర్పులు ఇచ్చేసుకుంటారు. ఏ మిద్దె మీద ఎంత పడిందో ఎవరి నోటికి వచ్చినంత వారిది. ఇంత స్వేచ్ఛ ఉన్న వేళ గనకనే కవి ప్రాతఃకాలాన్ని ఎంచుకున్నాడు.

మూడు, నాలుగు వాక్యములు

"నీళ్లు పోశారా మరి?" ఇందులో ప్రాణమంతా "మరి"లో ఉంది. పోయలేదని అడిగినవాడికి తెలుసు. తను కూడా పోయలేదు గనక తోడు వెతుక్కుంటున్నాడు.

జవాబులో మూడు ముక్కలున్నాయి. పొయ్యాలె = పోయవలసియున్నది. ఎవరు? మూలం చెప్పదు. చూస్తున్న = చూచుచున్నాను. ఈ క్రియకు మాత్రం కర్త స్పష్టం: నేను. పడమటి మిద్దె ఆయన ఈ సంవాదం మొత్తంలో తన పూచీ మీద ఒప్పుకున్న పని ఇదొక్కటే. పాఠకులు ఈ చోట గుర్తు పెట్టుకోవాలి, ముందు పనికొస్తుంది.

"తీరా పోసినంక వాన పడితే దండుగ గద." రెండు వాక్యాల కిందట పడేట్టు లేదన్న వాన, ఇక్కడ పడితే ఎలా అన్న భయంగా మారింది. పూర్వాపర విరోధమని తొందరపడి దోషం ఎంచకూడదు. ఇది వ్యాజోక్తి. అసలు కారణాన్ని కప్పిపుచ్చడానికి మరో కారణం చూపడం దాని లక్షణం. అసలు కారణం మోకాలు కావచ్చు, బకెట్టు కావచ్చు, కాఫీ ఇంకా అవకపోవడం కావచ్చు. మూలంలో లేదు గనక ఈ వ్యాఖ్యాత పేరు పెట్టడు.

అయితే లెక్కల సారు కాబట్టి ఒక లెక్క అప్పజెప్పక తప్పదు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. అడుగు పొడవు, అడుగు వెడల్పు మూతి ఉన్న బ్యాగులో వానరోజు అనిపించుకునే ఆ 2.5 మిల్లీమీటర్లూ పడితే, అందులోకి చేరేది సుమారు 230 మిల్లీలీటర్లు. గ్లాసెడు. అదీ ఆకులు గొడుగు పట్టకుండా ఉంటే. అంత వానే వచ్చినా వంగమొక్కకు పొద్దుటి నీళ్లు బాకీయే. నలభై బ్యాగులకు ఆ గ్లాసుల లెక్క గుణించుకోవడానికి సారుకు కాగితం అక్కర్లేదు. అందుకే గుణించడు.

ఐదు, ఆరు వాక్యములు

ఈ సంవాదానికి గుండెకాయ ఇక్కడుంది.

"నిజమేలెండి" అనడంతో వాన సంగతి ముగిసింది. ఒకరి వ్యాజాన్ని మరొకరు ఆమోదించారు. ఇక పందిరి. ఇది సొరపాదు కోసం తలపెట్టినది. తలపెట్టిన తేదీ విషయంలో పండితులలో అభిప్రాయభేదం ఉంది, సారు ఇంటావిడ లెక్క ఎక్కువ వస్తుంది.

ప్రతిపదార్థము: నడుస్తుంది = సాగుచున్నది; పైపులు = యూపీవీసీ గొట్టములు; వచ్చినయ్ = అరుదెంచినవి; ఇగ = ఇకమీదట; కోసేది = ఖండించుట; ఒక్కటే = మాత్రము; ఉన్నది = మిగిలియున్నది.

అన్వయం దగ్గర పెద్ద చిక్కు. "నడుస్తుంది"కి కర్త ఎవరు? సందర్భాన్ని బట్టి పందిరి. అంటే ఇంకా లేని పందిరి నడుస్తోంది. పైపులు వచ్చాయి, ఎవరూ తేకుండానే. హార్డ్‌వేర్ షాపులో లేచి, ఎల్బోలనూ టీలనూ వెంటబెట్టుకుని, రెండంతస్తుల మెట్లెక్కి ట్యాంకు పక్కన వాటంతట అవే పడుకున్నాయి. కోయడం అనేది ఉన్నది, కోసేవాడు లేడు. మూడు క్రియలు, మూడింటిలోనూ మనిషి లేడు. ప్రపంచంలో పనులన్నీ తమంతట తాము జరుగుతాయనీ, జీవుడు సాక్షిమాత్రుడనీ చెప్పే దర్శనమొకటి మనకుంది. సారు ఆ గ్రంథాలు చదవలేదు. హాబీ ద్వారా అక్కడికి చేరాడు.

ఇవే నోళ్లు, పని పూర్తయినప్పుడు వ్యాకరణాన్ని మార్చేస్తాయి. నిరుడు తూర్పు మిద్దె మీద ట్యాంకు నుంచి డ్రిప్పు పైపు లాగినప్పుడు "నేనే బిగించాను, ప్లంబరును పిలవలేదు" అన్న మాట కాలనీలో వినని గేటు లేదు. పూర్తయిన పనికి కర్త ఇద్దరంత ఉంటాడు, ఏవకారంతో సహా. సగంలో ఉన్న పనికి మాత్రం కర్త ఎప్పుడూ లుప్తమే. ఆ ఖాళీలో వానను కూర్చోబెడతారు. వాన వచ్చింది గనక ఆగింది, రాలేదు గనక ఎండకు చేయలేకపోయాం, వచ్చేట్టుంది గనక చూస్తున్నాం. హాబీ గల ఇంట్లో కార్తెలన్నీ ఈ ఉద్యోగమే చేస్తాయి. రోహిణిలో రోళ్లు పగులుతాయి కాబట్టి పని లేదు. మృగశిరలో ముసురేమో కాబట్టి లేదు. ఆరుద్రలో నేల తడి.

"ఒక్కటే" మీద విశేషము: ఈ ఒక్కటిలో ఎన్ని దాగున్నాయో ఆ పని ఎరిగినవారికే తెలుస్తుంది. మిద్దె మీద పందిరి గుంజ పాతడానికి స్లాబుకు చిల్లి పెట్టకూడదు. పెడితే ముందు కారేది కింద పడగ్గది. అందుకని పాత పెయింటు బకెట్లో పైపు నిలబెట్టి, కాంక్రీటు పోసి, వారం రోజులైనా తడుపుతూ ఉంచాలి. నాలుగు మూలలకూ నాలుగు బకెట్లు. ఆపైన హ్యాక్సా బ్లేడుతో అడ్డపైపులు కోయాలి, సొల్యూషన్ పూసి అతకాలి, పిట్టగోడకు క్లాంపులు బిగించాలి, నైలాన్ వల కట్టాలి. ఇదంతా కలిపి ఒక్కటే. ఏకత్వంలో అనేకత్వమంటే ఇదేనేమో, వేదాంతులు చెప్పాలి.

రసం మాటకొస్తే, వీరరసానికి స్థాయి ఉత్సాహం. ఇక్కడ ఉత్సాహానికి లోటు లేదు, పైపులు కొన్నారు కదా. సంచారి భావాలూ శాస్త్రోక్తంగా ఉన్నాయి: చింత, వితర్కం, ఔత్సుక్యం, అవహిత్థ. ముప్పై మూడు సంచారుల్లో ఆలస్యం కూడా ఒకటని పూర్వులు ముందే రాసిపెట్టారు. మరి లోపించినదేమిటంటే అనుభావం, అంటే ఒంటి కదలిక. అందువల్ల రసం పాకానికి రాలేదు.

ఏడు, ఎనిమిది వాక్యములు

"అన్నట్టు" అనే అవ్యయం కనిపించిన చోట పాఠకుడు మేలుకోవాలి. తూర్పు మిద్దె ఆయన పొద్దున్నే పైకెక్కినది మబ్బు కోసం కాదు, డ్రిల్లింగ్ మెషీన్ కోసం. ఇప్పటిదాకా నడిచినదంతా దానికి నాంది. కోరిన వస్తువును నేరుగా అడక్క చుట్టు తిరిగి రాబట్టడం పర్యాయోక్తం.

ముసురు రోజుల్లో పక్కింటికి ఏదో ఒకటి అడగబోవడం మన సాహిత్యానికి కొత్త కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానకాలాన్ని వర్ణిస్తూ, పొయ్యి రాజేయడానికి నిప్పు దొరక్క, దొరికినా తడి కట్టెలు అంటుకోక ఇల్లాళ్లు పడే అగచాట్లను వదిలిపెట్టలేదు. సామ్రాజ్యమేలే రాజు వంటింటి పొగ దాకా వచ్చి చూశాడు. ఆ నిప్పు చోటులో నేడు డ్రిల్లింగ్ మెషీన్ ఉంది. ఇంటింటా ఉండక్కర్లేని వస్తువు, కాలనీకి ఒకటి ఉంటే చాలు, ఆ ఒక్కటీ ఎప్పుడూ మరొకరింట్లో ఉంటుంది.

"బిట్టే కనిపిస్తలేదు." మళ్లీ కర్త లేడు. బిట్టు కనిపించడం లేదే తప్ప ఎవరూ పోగొట్టలేదు. కిందటిసారి మెషీన్ తీసుకెళ్లి, ఆరు మిల్లీమీటర్ల గోడ బిట్టు తీసి పక్కనపెట్టి, మెషీన్ మాత్రం తిరిగిచ్చినది తూర్పు మిద్దె ఆయనే. సారుకు ఆ సంగతి తెలుసు. ఆయనకు తెలుసునని ఈయనకూ తెలుసు. ఇంత పెద్ద అభియోగాన్ని ఒక్క "ఏ" అనే అచ్చులో ఇమిడ్చి, పొరుగు చెడకుండా చెప్పడం ఎంత మంచి కవికైనా కష్టమే. వ్యాఖ్యాత ఇక్కడ చేతులు జోడిస్తున్నాడు.

తొమ్మిదవ వాక్యము

ఈ వాక్యానికి టీక అక్కర్లేదు. కోశాను = కోసితిని. పోసేశాను = పోసివేసితిని. రెండు క్రియలు, రెండింటికీ కర్త ఉత్తమ పురుష ఏకవచనం. "చూస్తున్న" తరవాత మూలంలో "నేను" అర్థమయ్యే క్రియలు ఇవే. మబ్బు ప్రస్తావన లేదు.

పిందె నిలవట్లేదన్న తూర్పు మిద్దె వారి మొరకు సమాధానం కూడా ఇందులోనే ఉంది, విప్పి చెప్పాలి. సొరకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు అడుగున గోరంత కాయ ముందే ఉంటుంది, పుప్పొడి అందకపోతే పసుపు తిరిగి రాలిపోతుంది. గుమ్మడి పువ్వు తెల్లవారి విచ్చుకుంటుంది, తేనెటీగలు చూసుకుంటాయి. సొరపువ్వు మాత్రం సాయంత్రం విచ్చుకుని పొద్దున్నకు వాడుతుంది. దాని పని చేయవలసినవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. అవి మిద్దె మీదికి రానినాడు మనమే మగపువ్వు తుంచి, రేకులు ఒలిచి, ఆడపువ్వు నడుమ సుతారంగా అద్దాలి. పిన్నిగారు దీపం పెట్టాక పైకి వచ్చి ఆ పని చేస్తారు. ఆ వేళకు మన ఇద్దరూ టీవీ ముందు రేపటి వాతావరణం వింటుంటారు. పొద్దున ఆరున్నరకు వాడిన పువ్వు ముందు చేరి, ఎరువు తక్కువైందా, ఎండ ఎక్కువైందా అని చర్చిస్తారు.

ఆవిడకు పందిరి కూడా లేదు. పాదును ట్యాంకు మెట్ల మీదికి పాకించి చీర అంచు ముక్కలతో కట్టారు.

"రెండు" దగ్గర పాఠభేదం ఉంది. ఇద్దరికీ కలిపి రెండని తూర్పు ప్రతి, చెరో రెండని పడమటి ప్రతి. రెండో పాఠమే నిజమైతే ఆవిడకు ఒక్కటీ మిగలదు. అయినా రెండు ఇళ్లలోనూ ఆ రాత్రి వాసనలను బట్టి పడమటి పాఠమే ప్రచారంలోకి వచ్చినట్టు తోస్తుంది.

చివర మరో వాక్యం కొన్ని ప్రతులలో కనిపిస్తుంది. పడమర: "మా పందిరి కానియ్యండి చిన్నమ్మా, మొదటి కాయ మీకే." ఇది ప్రక్షిప్తమనీ, ఎవరో తరవాత చేర్చారనీ ఒక వాదం ఉంది. ఈ వ్యాఖ్యాత ఒప్పుకోడు. పందిరి దానంతట అదే కావలసి ఉండడాన్ని బట్టి చూస్తే, శైలి సందేహం లేకుండా సారుదే.