జీబీకి పట్టా, పాటకి కౌలు

మెమరీ చిప్పుల కంపెనీ మైక్రాన్ వారి కబురు మీరూ చదివే ఉంటారు. మనలాంటి చిల్లర ఖాతాదారులకి ర్యాములూ ఎస్‌ఎస్‌డీలూ అమ్మే ‘క్రూషియల్’ దుకాణాన్ని దాదాపు మూడు దశాబ్దాల తర్వాత కట్టేస్తున్నామని 2025 డిసెంబరులో ప్రకటించారు. 2026 ఫిబ్రవరి దాకా సరుకు పంపుతామన్నారు, ఆపైన సెలవు. కారణం దాచుకోలేదు, పాపం. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చాలడం లేదు, పెద్ద ఖాతాదారుల్ని చూసుకోవాలి, కనక చిన్నవాళ్ళు పక్కకి తప్పుకోవాలి. పోతూ పోతూ ఇన్నేళ్ళు ఆదరించినందుకు ధన్యవాదాలు కూడా చెప్పారు. మర్యాదస్తులు.

ఇటు ఫోన్ కంపెనీలూ అదే రాగం ఎత్తుకున్నాయి. మెమరీ ధర మండిపోతోంది, ఫోన్ ధర పెంచక తప్పదట. దానికి తాళం వేసేవాళ్ళు ప్రతి షోరూంలోనూ తయారు. “128 చాలండీ, 256 ఎందుకు దండగ? ఫొటోలకి క్లౌడుంది, పాటలకి స్ట్రీమింగుంది. పాటలు ఫోన్లో దాచుకునే రోజులా సార్ ఇవి?”

ఈ మాట తీరు ఎక్కడో విన్నట్టే ఉందే అనుకున్నాను. కాసేపటికి తట్టింది. “ఆ రెండెకరాలు పెట్టుకుని నువ్వేం బావుకుంటావు, మాకిచ్చెయ్, ఏటా కౌలిస్తాం, నీకే బాధ్యతా ఉండదు” అంటూ ఊళ్ళోకి తెల్ల కార్లలో దిగేవాళ్ళు మాట్లాడే భాష ఇది. కాబట్టి ఇది ఎలక్ట్రానిక్స్ వాళ్ళు తేల్చగలిగిన వ్యవహారం కాదు, అచ్చమైన రెవెన్యూ వ్యవహారం. రెండు తెలుగు రాష్ట్రాలూ తక్షణం మెమరీ రెవెన్యూ శాఖ తెరిచి, మండలానికో మెమరీ తాసీల్దారుని వేయాలని మనవి.

ముందు కొలతలు. జీబీని ఇకమీదట గజం అందాం. మనవాళ్ళకి గజాల్లో చెప్తేగాని దేని విలువా తెలియదు. 2025లో విడుదలైనప్పుడు ఐఫోన్ 17లో 256 గజాల ప్లాటు రూ.82,900. అదే 512 గజాలైతే రూ.1,02,900. అంటే ఆనుకుని ఉన్న మరో 256 గజాలకి ఇరవై వేలు, గజం 78 రూపాయలు. మెమరీ కార్డు అనే శివారు వెంచర్లో అదే 256 గజాలు మొన్నమొన్నటి దాకా రెండు వేలకి అటూ ఇటూగా దొరికేవి. గజం ఎనిమిది రూపాయలు. ఫోను లోపలి జాగాలో వేగం ఎక్కువ, అది మెయిన్ రోడ్డు బిట్టు, ఒప్పుకుంటాం. కానీ పాట వినడానికి మెయిన్ రోడ్డెందుకండీ? సందులో కూర్చున్నా వినపడుతుంది.

అది తెలిసే ఆ శివారుకి దారి మూసేశారు. శాంసంగ్ వారు 2015లో గెలాక్సీ ఎస్6కి కార్డు స్లాటు తీసేశారు. జనం గోలపెడితే మరుసటి ఏడు ఎస్7లో మళ్ళీ తెరిచారు. 2021లో ఎస్21 నాటికి గోలపెట్టేవాళ్ళు అలిసిపోయారని లెక్క చూసుకుని గోడ కట్టేశారు. ఆపిల్ వారు ఐఫోన్ పుట్టిననాటి నుంచీ ప్రహరీకి గేటే పెట్టలేదు. స్లాటు కావాలంటే ఇప్పుడు చవక రకం ఫోన్లలో వెతుక్కోవాలి. పేదల కాలనీకి మాత్రం దారి మిగిలింది, ఎన్నాళ్ళుంటుందో.

కొలతలోనే ఒక సరిహద్దు తగాదా ఉంది. 128 అని అమ్మినదాన్ని కంప్యూటరు గొలుసుతో కొలిస్తే 119 తేలుతుంది. కంపెనీ వెయ్యితో లెక్క కడుతుంది, కంప్యూటరు 1024తో. ఇద్దరూ నిజాయితీపరులే, తొమ్మిది గజాలు మాత్రం గాలికి పోయాయి. మిగిలినదాంట్లో ఆపరేటింగ్ సిస్టమ్ రోడ్డు వెడల్పు పేరు చెప్పి ఒక ముక్క కోసుకుంటుంది. పిలవకుండా వచ్చిన యాప్‌లు, తీసేద్దామన్నా తీయడానికి వీల్లేనివి, వరండాలో కాపురం పెడతాయి. మన ఇంట్లో ఆక్రమణ తొలగించే అధికారం మనకి లేదు. ఆ పైన ఏమైనా జాగా మిగిలితే అందులో మేనల్లుడి పెళ్ళి వీడియో, కాళ్ళు బయటపెట్టి పడుకుని ఉంటుంది.

ఇంతకీ పాటకి ఎంత జాగా కావాలి? మంచి నాణ్యతలో, అంటే 320 కేబీపీఎస్‌లో, నాలుగు నిమిషాల పాట పది ఎంబీలకి కాస్త లోపే. గజానికి వంద పాటలనుకోండి. బాలసుబ్రహ్మణ్యం గారు 40 వేల పాటలు పాడారని లోకంలో మాట. ఆయనొక్కరికీ 400 గజాలు. సుశీలమ్మ పేరున 2016లో గిన్నిస్ వారు నమోదు చేసినవి 17,695. మరో 177 గజాలు. ఇద్దరికీ కలిపి 577, లక్ష పోసి 512 కొన్నా చాలదు. అయితే మెమరీ తాసీల్దారు రికార్డు తిరగేస్తే తేలేదేమిటంటే, ఇద్దరూ కలిసి పాడినవి జాయింట్ పట్టా, వాటిని రెండుసార్లు లెక్కించకూడదు. కాబట్టి కొంత సర్దుకోవచ్చు. ఘంటసాల మాస్టారిని ఎక్కడ కూర్చోబెడతారో మీ ఇష్టం.

సరే, అన్నీ ఎవరికి కావాలి? మామూలు మనిషికి జన్మంతా తిప్పి తిప్పి వినడానికి రెండు వేల పాటలు చాలు. ఇరవై గజాలు. ఒక పశువుల కొట్టమంత జాగా. ఆ ఇరవై గజాలు మన పేరున ఉండకూడదనే ఇంత హడావిడి.

కౌలు సంగతికొద్దాం. పది కోట్ల పాటల మాగాణి ఉంది, నెలకి రెండొందలిచ్చి ఎక్కడైనా దున్నుకో అంటారు. ఎంత ఉదారం! కాకపోతే చేలోకి వెళ్ళే డొంక దారికి సుంకం వేరే. రోజుకి ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో ప్యాకు 2024 జులై ముందు రూ.239, ఆ నెల నుంచి రూ.299. ఆ ప్యాకుకి నెలంటే 28 రోజులు. అంటే ఏడాదికి పదమూడు రీచార్జులు. అధిక మాసం మన పంచాంగంలో మూడేళ్ళకోసారి వస్తుంది, వీళ్ళ పంచాంగంలో ఏటేటా వస్తుంది.

“డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్ లేకపోయినా వినొచ్చు” అని ఇంకో ఆశ చూపిస్తారు. డౌన్‌లోడ్ అయ్యేది ఎక్కడ? మన ఫోన్లో, మనం డబ్బు పోసి కొన్న గజాల్లో. గాదె మనది, గాదె కట్టిన చోటు మనది, అందులో ధాన్యం మాత్రం ఆసామిది, తాళం ఆసామి మొలకి. స్పాటిఫైలో దింపుకున్న పాటలు బతికుండాలంటే 30 రోజులకోసారైనా నెట్లోకి వెళ్ళి హాజరు వేయించుకోవాలి. లేకపోతే గాదెలో గింజ గాదెలోనే ఉన్నా నోటికి రాదు. స్టోరేజీ కొనాలా, స్ట్రీమింగ్ కట్టాలా అని మనం బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాం. వాళ్ళకే సందేహమూ లేదు, రెండూ మన చేతే కట్టిస్తున్నారు.

భూమి కౌలుదారుకి చట్టంలో కనీసం ఒక కాగితముంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం ఇవ్వాలి. దాని చుట్టూ ఎన్ని తిప్పలున్నా కాగితమైతే ఉంది. పాట కౌలుదారుకి అదీ లేదు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో పోయింది. రెస్సో 2024 జనవరి 31న తట్టాబుట్టా సర్దుకుంది. వింక్‌ని ఎయిర్‌టెల్ వారు అదే ఏడాది మూసేశారు. ఏళ్ళ తరబడి ఏరి ఏరి కూర్చుకున్న ప్లేలిస్టులకి నష్టపరిహారమైతే లేదు. ఆసామి బతికుండగానే చేను మాయమైన సందర్భాలూ ఉన్నాయి. 2023 మార్చిలో స్పాటిఫైకీ జీ మ్యూజిక్‌కీ బేరం కుదరక ఆ కంపెనీ పాటలన్నీ ప్లేలిస్టుల్లో వెలిసిపోయి, నొక్కినా పలకడం మానేశాయి. గట్టు తగాదా పెద్దలిద్దరిది, పంట పోయినవాడు కౌలుదారు.

ఇక పోరంబోకు సాగు. బస్టాండు ఎదురుగా సెల్ షాపు, గాజు బల్ల మీద ఫోను కవర్లు, మూల ఒక పాత కంప్యూటరు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు. “ఎన్ని జీబీల చిప్పన్నా? పాతవా, కొత్తవా? భక్తి కూడా వెయ్యనా?” ముప్పయ్యో నలభయ్యో తీసుకుని, టీ తాగి వచ్చేలోపు వందల పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఘంటసాల హిట్స్, చిరు డాన్స్, అయ్యప్ప, డీజే అని విడివిడి ఫోల్డర్లు. ప్రతి పాట పేరు చివరా ఏదో వెబ్‌సైటు తోక. దొంగ సరుకే, కాదనను. రాసినవాడికీ పాడినవాడికీ దమ్మిడీ ముట్టేది కాదు, ఆ సాగుకి పట్టా అడిగే మొహం ఎవరికీ లేదు. కానీ ట్రాక్టరు డ్రైవరు ఇవాళ్టికీ ఆ పెన్‌డ్రైవు పెట్టుకునే దమ్ము చేస్తున్నాడు. పాడేరు ఘాటు ఎక్కే జీపులో సిగ్నలు పోతుందిగాని పాట పోదు. పక్క సీట్లో, బుద్ధిగా నెలనెలా కట్టే చందాదారు ఫోన్లో మాత్రం చక్రం తిరుగుతూ ఉంటుంది, జీపు తిరిగే మలుపులకి పోటీగా. పాటలు పెట్టెలో ఉంటేనే జనానికి నమ్మకమన్న సంగతి వ్యాపారులకి తెలియనిదా? సరిగమ వారు 2017లో కారవాన్ అనే పెట్టెలో ఐదు వేల పాటలు పోసి అమ్మితే, ఇంట్లో పెద్దవాళ్ళ కోసమని జనం ఎగబడి కొన్నారు.

ఇప్పుడు అసలు చట్టం. 1973లో ఆంధ్రప్రదేశ్‌లో భూపరిమితి చట్టం వచ్చింది. మితిమీరి ఉన్నవాడి దగ్గర తీసుకుని లేనివాడికి పంచాలన్నది కాగితం మీద మాట. భూస్వాములు కుక్కల పేరా పిల్లుల పేరా రాయించారని ఊళ్ళలో కథలు చెప్పుకునేవారు. రాబోయే మెమరీ సీలింగ్ చట్టం దానికి తలకిందులు. 128 గజాలు మించి ఉన్న చిన్న కుటుంబం మిగులును సరెండర్ చేయాలి. దాన్ని ఇప్పటికే కొండలూ కోనలూ ఉన్నవాడికి పంచాలి. ఈ భూస్వామికి కుక్కల పేర రాయించే ఖర్మ కూడా లేదు, మబ్బు పేరున రాయించుకుంటాడు.

గ్రామసభలో మెమరీ తాసీల్దారు చదివి వినిపిస్తారు: “సర్వే నంబరు ఫలానా, నాయనమ్మ గారి ఫోను. సుప్రభాతం ఒకటి, విష్ణు సహస్రనామం రెండు కాపీలు. రెండో కాపీ మిగులుగా ప్రకటించడమైనది.”

“ఒకటి రోజువారీకి నాయనా, రెండోది ఏకాదశికి.”

“అభ్యంతరాలుంటే నెల్లోగా ఆర్డీవో గారికి అప్పీలు చేసుకోవాలమ్మా.”

మిగులు ఎవరికి పోతుందంటారా? విశాఖ దగ్గర తర్లువాడ, అడవివరం, అనకాపల్లి జిల్లాలో రాంబిల్లి. అక్కడ గజాలు లేవు, నిజం ఎకరాలే. గూగుల్ డేటా సెంటర్‌కి 2025 అక్టోబరు 14న ప్రకటించిన లెక్క ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు, ఒక గిగావాట్ సామర్థ్యం. రావద్దని ఎవరంటారు? నాలుగు ఉద్యోగాలొస్తే సంతోషమే. కానీ ఇలాంటి గిడ్డంగులకి భూమి మనది, నీళ్ళు మనవి, కరెంటు మనది. వాటి కోసమని బజార్లో చిప్పులు మనకి అందకుండా పోతున్నాయి. ఆఖరికి మనం పుట్టి పెరిగిన పాట వినాలంటే అలాంటి ఏదో గిడ్డంగికి నెలనెలా అద్దె కట్టాలి.

అయినా నా కడుపు మండింది దీనికి కాదు. మైక్రాన్‌కి గుజరాత్‌లోని సాణంద్‌లో చిప్పుల్ని పరీక్షించి ప్యాక్ చేసే కర్మాగారం ఒకటుంది. 2023 జూన్‌లో కుదిరిన ఒప్పందం, మొత్తం 275 కోట్ల డాలర్ల దాకా. అందులో సగం కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది, ఇంకో ఇరవై శాతం గుజరాత్ ప్రభుత్వం. నూటికి డెబ్భై మన డబ్బు. ఫోను కొన్నా, రీచార్జి చేసినా 18 శాతం జీఎస్టీ కట్టే ఆటో డ్రైవరుదీ, అంగన్‌వాడీ టీచరుదీ, పొలంలో పెన్‌డ్రైవు పెట్టుకున్న ఆ ట్రాక్టరు వాడిదీ. ముప్పై పెట్టినవాడు లేచి చిల్లర మనుషులతో ఇక బేరం లేదని చెప్పేస్తే, డెబ్భై పెట్టినవాళ్ళ తరఫున “మా వాటా చిప్పులేవయ్యా?” అని ఢిల్లీలో ఒక్క గొంతు లేచినట్టు నా చెవిన పడలేదు. రాయితీ ఇచ్చేటప్పుడు మనం దేశం, సరుకు పంచేటప్పుడు మనం చిల్లర.

చేయలేక కాదు. అన్ని ఫోన్లకీ ఒకే రకం ఛార్జింగ్ పిన్ను ఉండాలని యూరోపియన్ యూనియన్ వాళ్ళు చట్టం రాసుకున్నారు, 2024 డిసెంబరు 28 నుంచి అమల్లో పెట్టారు. ఆపిల్ అంతటి ఆపిల్ గొణుక్కుంటూనే 2023లో పిన్ను మార్చింది. వాళ్ళ మొత్తం జనాభా కంటే మన దగ్గర స్మార్ట్‌ఫోన్లే ఎక్కువ. ఈ దేశంలో అమ్మే ప్రతి ఫోనుకీ కార్డు స్లాటు ఉండి తీరాలని ఒక ఉత్తర్వు, చందాదారు ఏరుకున్న పాటల్ని కంపెనీ మూతపడినా అతని దగ్గరే ఉంచాలని ఒక నిబంధన, రెండూ ఒకే కాగితం మీద పడతాయి. ఎవరూ రాయరు. రాయాల్సిన చేతులన్నీ పెద్ద ఖాతాదారుల పందిళ్ళలో రిబ్బన్లు కత్తిరించే పనిలో ఉన్నాయి.