వాకర్స్ సంఘం వర్ధిల్లాలి

ఒక్కళ్లమే నడిస్తే మూడోరోజుకే బద్ధకం ముంచుకొస్తుందట. పదిమందితో కలిస్తే మాత్రం ఇక ఆగడమంటూ ఉండదట. విశాఖ బీచ్ రోడ్డులో ఈ మాట అననివాళ్లు లేరు. నిజమే, ఆగనిదొకటి ఉంది. అది నడక కాదు.

తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర వాహనాలు ఆపేసి రోడ్డంతా నడిచేవాళ్లకు వదిలేస్తారు. మనవాళ్లు కార్లలో వస్తారు. నాలుగడుగులు ఎక్కువ నడవాల్సొస్తుందేమోనని, దగ్గర్లో పార్కింగ్ కోసం మూడు చుట్లు తిరుగుతారు. తర్వాత కాళీమాత గుడి నుంచి ఐదుగురు ఒకే వరుసలో, రోడ్డుకు అడ్డంగా బయల్దేరతారు. వెనక ఎవడైనా నిజంగా నడుద్దామని వస్తే వాడి ఖర్మ.

వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో కదలమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఓ మోస్తరంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మనవాళ్లు ఘంటసాల పాటలు చరణాలతో సహా, ఆలాపన తప్పకుండా పాడుకుంటూ వెళ్తారు. నిమిషాల లెక్క మాత్రం ఇంటి తలుపు తీసిన దగ్గర్నుంచీ మొదలు.

సంఘమన్నాక అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి తప్పరు. గౌరవ సలహాదారులైతే సభ్యులకంటే ఎక్కువ. వాళ్లందరి ఫొటోలూ పట్టేంత ఫ్లెక్సీ కడతారు. పుట్టినరోజున శాలువా కప్పుతారు, అదీ మే నెల ఉక్కలో. బహుశా ఆ పూట పట్టే చెమటంతా దానివల్లే.

నవ్వుల క్లబ్బు సంగతి వేరు. 1995లో ముంబైలో డాక్టర్ మదన్ కటారియా ఐదుగురితో దాన్ని మొదలుపెట్టారు. కొన్నాళ్లకు చెప్పుకునే జోకులు అయిపోతే, జోకు లేకుండానే నవ్వడం సాధన చేయించారు. మనవాళ్లకు ఆ శిక్షణ అక్కర్లేదు. అధ్యక్షులవారు నోరు విప్పితే చాలు.

2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, ఇదే తీరంలో 3 లక్షల మందికి పైగా ఆసనాలు వేస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. జూన్ 22న ఎందరు చాప పరిచారో లెక్కపెట్టే పని గిన్నిస్ వాళ్లది కాదు, సంఘాలది అంతకంటే కాదు.

అసలు వ్యాయామం టిఫిన్ బండి దగ్గర. కరిగిందో లేదో తెలియని కొవ్వుకు పరిహారంగా ఇడ్లీ, పెసరట్టు ఉప్మా, పైన అల్లం చట్నీ. రాగిజావ ముందే అయింది, అది ఆరోగ్యం ఖాతా.

మొన్నామధ్య ఓ సంఘం ఉచిత షుగర్ పరీక్షలు పెట్టించింది. ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా వస్తున్నవాళ్లలో చాలామందికి అంకెలు ఆకాశాన్నంటాయి. కార్యవర్గం అక్కడికక్కడే అత్యవసరంగా సమావేశమై, వచ్చే ఏడాది వేరే కంపెనీ మిషన్ తెప్పించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని బలపరిచినాయన ప్లేట్లో అప్పటికి రెండో వడ.