పంది జ్వరానికి రామబాణం

పందుల మందలో వైరస్ జ్వరం దిగితే దాన్ని కుదిర్చే సూదిమందు ఉందని చెప్పేవాళ్లను ముందు కాంకే పంపాలి. జంషెడ్‌పూర్ నుంచి రాంచీ మూడు గంటల దారి, రాంచీని ఆనుకునే కాంకే. అక్కడ సర్కారు పందుల ఫారం ఉంది, పశువైద్య కళాశాలా ఉంది. 2022 ఆగస్టులో ఆ ఫారంలోనే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌తో పందులు వరసపెట్టి చచ్చాయి. ప్రొఫెసర్లూ, మందుల గదులూ ఉన్న ఊళ్లో దొరకని రామబాణం సైకిలు హ్యాండిలుకు వేలాడే సంచిలో మాత్రం దొరుకుతుందట! ఈ జబ్బుకు ఆమోదం పొందిన యాంటీవైరల్ మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. 1921లో కెన్యాలో దీన్ని మొదట వర్ణించారు. అంటే వైద్యులకు వందేళ్ల గడువు దొరికింది. సంచివాలాకు ఒక మధ్యాహ్నం చాలు.

అయినా ఈ మందుకు పేరెలా వచ్చింది? అబద్ధం మీదే కాదు, సగం నిజం మీద వచ్చింది. పందులకు ఎరిసిపెలాస్ అని ఒక బ్యాక్టీరియా జబ్బు ఉంది. మండే జ్వరం, చర్మం మీద ఎర్రటి మచ్చలు, మేత ముట్టకపోవడం. చూడటానికి అచ్చం స్వైన్ ఫీవరే. దానికి పెన్సిలిన్ వేళకు పడితే ఒకటి రెండు రోజుల్లో పంది లేచి కుడితి తొట్టి దగ్గరికి నడుస్తుంది. లేచిన పంది ఊరంతా ప్రచారం చేస్తుంది, పూడ్చిన పంది నోరెత్తదు. ఏది ఏ జబ్బో కంటితో తేల్చలేకే కాంకే నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు వెళ్లాయి. చదువుకున్న వాదమూ ఒకటుంది: సోయాలో దొరికే జెనిస్టీన్ ఈ వైరస్‌ను అడ్డుకుందని పరిశోధనలు చెబుతున్నాయి కదా అని. అడ్డుకుంది, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో. పందిని గాజుపళ్లెంలో పెంచుకునేవాళ్లు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

పోనీ, పనిచేయకపోతే పోయేదేముంది, పేదవాడికి పందే బ్యాంకు, చూస్తూ చూస్తూ చావనివ్వమంటారా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పోయేది చాలా ఉంది. ఈ వైరస్ రక్తంలో గుంపులు గుంపులుగా ఉంటుంది. జ్వరమొచ్చిన పందికి గుచ్చిన సూదే పక్క పందికీ, పక్క వాడలో పందికీ గుచ్చితే, వైరస్‌కు అంతకన్నా మంచి వాహనం దొరకదు. టిక్కెట్టు డబ్బులు మాత్రం రైతువే. రెండోది, పరిహారం. కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించే ఆ సొమ్ము జబ్బును అరికట్టడానికి అధికారులు చంపించిన పందికే వస్తుంది, తనంతట తాను చచ్చినదానికి రాదు. అంటే కబురు పెట్టకుండా నాలుగు రోజులు సూదులు పొడిపించిన రైతు పందినీ పోగొట్టుకుంటాడు, పరిహారాన్నీ పోగొట్టుకుంటాడు, పైన మందు ఖర్చు. పరిహారం ఆలస్యమైతే సర్కారును నిలదీయాల్సిందే. అందుకు సిరంజి అక్కర్లేదు.

టీకా మాటేమిటంటారా? మన దగ్గర టీకా ఉన్నది క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కు. పేరులో చుట్టరికమే తప్ప ఆ వైరస్ వేరు, ఈ వైరస్ వేరు. ఆఫ్రికన్ జ్వరానికి వియత్నాం 2022లో టీకా తెచ్చి, వేసిన పందులు చచ్చిపోతుంటే కొన్నాళ్లు ఆపి, 2023లో మళ్లీ అనుమతించింది. ఒక దేశ ప్రభుత్వమే అంత తడబడిన చోట మన సంచివాలా ధైర్యం మెచ్చుకోదగ్గదే.

ఈ వైరస్‌కు నిజంగా భయమున్నది వేడంటే. అరవై డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాల్లో చస్తుంది. హోటళ్ల నుంచి వచ్చే ఎంగిలిని అరగంట తెర్లనిచ్చి పెడితే, బయటివాళ్లను, ముఖ్యంగా సూది పట్టుకుని పది దొడ్లు తిరిగేవాళ్లను, గుమ్మం బయటే నిలబెడితే జబ్బు వచ్చే పెద్ద దారులు రెండు మూసుకుంటాయి. కాకపోతే దీనికి కట్టెలు కావాలి, ఓపిక కావాలి, పైగా లేబుల్ ఉండదు. తెర్లిన కుడితిని సీసాల్లో పోసి అమ్మే ఆలోచన ఇంకా ఎవరికీ తట్టినట్టు లేదు.