నడుం నొప్పికి ఫోను వైద్యం: కోతల కాలపు చిట్కాలు

సంక్రాంతి దాటి మిర్చి కోతలు జోరందుకునేసరికి గుంటూరు, ప్రకాశం పల్లెల్లో రెండు సరుకులు విరివిగా దొరుకుతాయి: పండు మిరప, నడుం నొప్పి. మొదటిదానికి యార్డులో ధర పలుకుతుంది. రెండోదాన్ని ఎవరూ కొనరు కాబట్టి ఇంట్లోనే ఉంచుకోవాలి. ఫోను చేతిలో ఉంటే అది ఎటూ పోదు. ఎలాగో చెబుతాను.

ముందు వీడియో. ‘ఒక్క రాత్రిలో నొప్పి మాయం’ అని ఎర్రక్షరాలున్నదే ఎంచుకోండి. అరుగు మీద కూర్చుని, ఫోను ఒళ్లో పెట్టుకుని, గడ్డం ఛాతీకి తగిలేలా మెడ వంచి చూడాలి. మెడ 60 డిగ్రీలు వంగితే దాని మీద 27 కిలోల దాకా భారం పడుతుందని 2014లో హన్స్‌రాజ్ అనే న్యూయార్క్ సర్జన్ లెక్కగట్టారు. మన మిర్చి టిక్కీ నలభై కిలోలు కదా, 27 ఒక బరువా! అదయ్యాక ఇంకో వీడియో దానంతటదే వస్తుంది. వ్యాయామం అంతసేపు చూశాక మళ్లీ చెయ్యడం దేనికి?

తర్వాత యాప్. ‘రోజుకు ఎన్ని గంటలు కుర్చీలో కూర్చుంటారు?’ అని అడుగుతుంది. పొద్దున్నే ఆటో ఎక్కి, సాయంత్రం దాకా మిరప చెట్టు ఎత్తుకు వంగి కోసే మనిషికి, ఒడిలో పత్తి నింపుకుంటూ సాలెంట నడిచే మనిషికి అందులో గడి ఉండదు. ‘సున్నా’ అని కొట్టండి. మీ అలవాట్లు భేషుగ్గా ఉన్నాయంటుంది, నమ్మండి. సాలు చివరికి చేరినప్పుడల్లా నిటారుగా నిలబడి, చేతులు నడుం మీద ఆనించి, నాలుగైదుసార్లు మెల్లగా వెనక్కి వాలమని ఫిజియోథెరపిస్టులు చెబుతారు. దానికి ఫోను అక్కర్లేదు, కాబట్టి అది వైద్యం కాదు. పైగా మేస్త్రి చూస్తాడు.

అడుగులు లెక్కపెట్టే వాచీ యార్డు హమాలీలకు మరీ మంచిది. నెత్తిన బస్తా పట్టుకున్న చెయ్యి ఊగదు, ఊగకపోతే చాలా అడుగులు లెక్కకు రావు. లారీ నిండా బస్తాలు ఎత్తి వచ్చిన మనిషిని సాయంత్రం ఆ వాచీ ‘కాస్త లేచి కదలండి’ అని మందలిస్తుంది. అప్పుడు నిజంగానే లేచి నడవండి, వాచీ మనసు నొప్పించకూడదు.

నార్వే, డెన్మార్కుల్లో 461 మందితో సెల్ఫ్‌బ్యాక్ అనే యాప్‌ను పరీక్షించారు. మామూలు వైద్యం మానకుండా దాన్ని కూడా వాడినవాళ్లకు మూడు నెలల్లో కాస్త, అవును కాస్తే, ఎక్కువ మేలు కనిపించిందని 2021లో ప్రకటించారు. మూడు నెలలంటే మన కోతలే అయిపోతాయి. మీరు మూడు రోజులు చూడండి. వ్యాయామం చెయ్యకుండానే ‘పూర్తయింది’ నొక్కినా యాప్ శభాష్ అంటుంది. నొప్పి తగ్గలేదని నాలుగో రోజు దానికి ఒక్క నక్షత్రం ఇచ్చి తీసెయ్యండి.

నడుం బెల్టు మాత్రం ఆన్‌లైన్‌లో తప్పక తెప్పించండి. దీర్ఘకాలపు నడుం నొప్పికి బెల్టులు వద్దు, వ్యాయామం, అవగాహన ముఖ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. ఆ సంస్థ ఉండే జెనీవాలో మిరప తోటలేమన్నా ఉన్నాయా?

ఊరి హెల్త్ క్లినిక్‌లో ఈ-సంజీవని ద్వారా తెర మీద డాక్టరు కనబడతారు. 2019 నుంచీ ఉన్న సదుపాయం. ‘లేచి కొంచెం వంగి చూపించమ్మా’ అంటే సిగ్గుపడి కూర్చోండి. ‘సూది వెయ్యరా?’ అని మాత్రం గట్టిగా అడగండి. వెయ్యనంటే పక్క సందులో ఆర్‌ఎంపీ ఉన్నాడు, ఫోన్‌పే కూడా తీసుకుంటాడు. అదీ టెక్నాలజీయే.

ఇక్కడితో వేళాకోళం చాలు. నడుం నొప్పుల్లో చాలా భాగం ప్రమాదం లేనివే, కదులుతూ ఉంటే సర్దుకునేవే. కానీ నొప్పితో పాటు మూత్రం, మలం మీద పట్టు తప్పినా, మూత్రం రాక ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాళ్లలో సత్తువ తగ్గుతున్నా ఏ వీడియో చూడొద్దు, ఏ సూదీ వేయించుకోవద్దు. 108కి ఫోన్ చేసి గుంటూరు పెద్దాసుపత్రికో, ఒంగోలు రిమ్స్‌కో వెళ్లండి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.