కార్టూనన్న

నల్లగొండలో ఆయన సాయంత్రం పూట క్లాక్ టవర్ దగ్గర దొరుకుతాడు. పాలమూరులోనూ క్లాక్ టవర్ దగ్గరే. క్లాక్ టవర్ లేని ఊళ్లలో బస్టాండు ముందరి చాయ్ హోటల్‌తో సర్దుకుంటాడు. వయసు నలభైకి కొంచెం ఇటు. బండి నంబర్ ప్లేటు పక్కన పిల్లి ముఖం స్టిక్కరు, వాట్సాప్‌లో తన ఫొటోకు బదులు పొపాయ్. ఇవేవీ కనిపించకున్నా ఫర్వాలేదు. మాట వడ్ల ధర మీద మొదలుపెట్టండి, ప్లాట్ల రిజిస్ట్రేషన్ మీద మొదలుపెట్టండి, సగం చాయ్ అయ్యేలోపు అది "మా చిన్నప్పటి కార్టూన్లు" దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఊళ్లో ఈ తరహా మనిషిని కార్టూనన్న అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం ఒట్టి అన్న.

"ఇప్పటియి గూడ కార్టూన్లేనా? ఒకటే లొల్లి. మా కాలంల గట్ల కాదు, ఒక పద్ధతుండె," అంటాడు.

ఆ పద్ధతికి ఆయన చూపించే మొదటి సాక్ష్యం టామ్ అండ్ జెర్రీ. పిల్లి తల మీద ఇస్త్రీ పెట్టె పడటం, డైనమైటు పేలి ముఖమంతా మసి కావటం, ఇందులో పద్ధతి ఎక్కడుందని అడగకూడదు. "మా కాలం" అన్న మాట కూడా లెక్కకు నిలవదు. హన్నా, బార్బెరా ఇద్దరూ కలిసి ఆ పిల్లినీ ఎలుకనూ మొదటిసారి తెర మీదికి వదిలింది 1940లో. అప్పటికి నల్లగొండా పాలమూరూ నిజాం ఏలుబడిలో ఉన్నాయి, అన్న వాళ్ల తాత ఇంకా మేకలు కాసే పిలగాడు. ఈ ముక్క ఒకసారి చెప్పి చూశాను. అన్న చాయ్ గ్లాసు కింద పెట్టి, "మా తాత జూసిండా? జూడలె గద. జూసినోళ్లదే కాలం," అన్నాడు. కోర్టులో కూడా కొట్టెయ్యలేని వాదన.

నాకు దగ్గరగా తెలిసిన ఈ కార్టూనన్న ఒక మండల కేంద్రంలో మీ సేవ నడుపుతాడు. వెనక గదిలో రెండు ప్రింటర్లు, ఒక లామినేషన్ మిషను. డెక్స్‌టర్ మీది గౌరవంతో ఆ గదికి లాబరేటరీ అని పేరు. ముట్టొద్దన్న బటనే నొక్కే పనికుర్రాణ్ని డెక్స్‌టర్ అక్క పేరు పెట్టి డీడీ అని పిలుస్తాడు. "డీడీ, ఇటు రా" అన్నప్పుడల్లా బ్యాంకు పని మీద వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు. సర్వర్ నడిచినంతసేపు అన్న మంచి పనిమంతుడే. సర్వర్ డౌన్ అయిందా, లైన్లో ఉన్నవాళ్లకు స్వాట్ క్యాట్స్ మొదలు.

మొన్న మనవడి స్కాలర్‌షిప్ కోసం ఆదాయం సర్టిఫికెట్‌కు వచ్చిన పెద్దాయన దొరికాడు. రెండు పిల్లులు పగలంతా పాత సామాన్ల యార్డులో మెకానిక్ పని చేస్తాయనీ, పట్నానికి ఆపదొస్తే ముసుగులు కట్టుకుని, సొంతంగా తయారుచేసుకున్న యుద్ధవిమానం ఎక్కుతాయనీ అన్న చేతులు రెక్కలు చేసి మరీ చెప్పాడు. పెద్దాయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"పిల్లులా బిడ్డా?"

"పిల్లులే తాతా."

"మరి ఇమానంల నూనె ఎవలు వోస్తరు?"

అన్న దగ్గర దీనికి జవాబు లేదు. పెద్దాయన వదల్లేదు. "మెకానిక్కు పనిజేసుకుంట ఇమానం నడుపుతున్నయంటే, గసుంటోళ్లకు ఆదాయం ఎంతని రాసిచ్చిన్రో గా కాయితం జూపియ్యి. మాకు గూడ గంతే రాయిపియ్యి."

1993లో మొదలైన ఆ సీరియల్‌ను రెండు సీజన్లకే ఆపేశారు. అన్నకు ఈ సంగతి ఇంటర్నెట్ వచ్చిన తర్వాత గాని తెలియలేదు. తెలిసిన రోజు మధ్యాహ్నమే షట్టర్ దించేశాడు.

ఇంతటి పాండిత్యం ఎక్కడిదని ఆరా తీస్తే తమాషాగా ఉంటుంది. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చింది గాని, అన్న ఊరికి కేబుల్ రాలేదు. అదంతా దసరాకూ ఎండాకాలం సెలవులకూ మిర్యాలగూడలో మేనమామ ఇంట్లో నేర్చిన విద్య. సొంతింట్లో ఉన్నది దూరదర్శన్ ఒక్కటే, అదీ బ్లాక్ అండ్ వైట్ టీవీలో. అయినా డక్ టేల్స్ మాట వస్తే హ్యూయీది ఎరుపు, డ్యూయీది నీలం, లూయీది ఆకుపచ్చ అని బల్ల గుద్ది చెప్తాడు. ఆ ఇంట్లో మూడు బాతుపిల్లలూ ఏళ్ల తరబడి బూడిద రంగులోనే తిరిగాయని వాళ్లమ్మ సాక్ష్యం.

వాళ్లమ్మ దగ్గర ఇంకా చాలా సాక్ష్యాలున్నాయి. మిర్యాలగూడలో పొపాయ్‌ని చూసొచ్చి పాలకూర కావాలని ఏడిస్తే ఆమె పుంటికూర వండిపెట్టింది. "ఏ ఆకైతేంది, బలం బలమే." ఆ బలంతో బడిలో కబడ్డీకి దిగిన అన్న మొదటి కూతలోనే దొరికిపోయి, మోచెయ్యి చెక్కుకుని ఇంటికొచ్చాడు. తప్పంతా పుంటికూరదని ఇప్పటికీ ఆయన నమ్మకం.

దూరదర్శన్‌లో మోగ్లీ హిందీలో వచ్చేది. గుల్జార్ రాసిన పాట, విశాల్ భరద్వాజ్ బాణీ, షేర్‌ఖాన్‌కు నానా పాటేకర్ గొంతు. మన దిక్కు పిల్లలకు గల్లీ ఉర్దూ వచ్చు కనుక సగం అర్థమయ్యేది. మిగతా సగం ఎవరికి వారు పూరించుకునేవారు. అందుకే 2009లో ఖుషీ టీవీ వచ్చి కార్టూన్లు పొద్దస్తమానం తెలుగు మాట్లాడటం మొదలుపెడితే అన్న దాన్ని పతనంగానే లెక్కగట్టాడు. "మొత్తం సమజైనంక ఇంకేం మజా ఉంటది?"

కూతురు ఛోటా భీమ్ పెట్టుకుంటే కడుపుమంట. లడ్డు తింటే గంత బలమొస్తదా అని నిలదీస్తాడు. పాలకూర డబ్బా మింగినప్పుడు లేని అనుమానం ఇప్పుడొచ్చింది. "దీంట్ల మన సంస్కృతి లేదు బిడ్డా. మోగ్లీ జూడు." నిజానికి ఆ మోగ్లీని గీసింది జపాన్లో, 1989లో, నిప్పాన్ యానిమేషన్ వాళ్లు. మన దూరదర్శన్‌కు 1993లో చేరింది. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాదులో. రాజీవ్ చిలక పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ తయారుచేస్తే 2008లో పోగోలో మొదలైంది. నార్కట్‌పల్లిలో బస్సెక్కితే రెండు గంటల దూరం. ఈ సంగతి భార్య చెప్పిన రోజు అన్న కాసేపు గోడ వంక చూసి, "హైదరాబాదుల తీసిన్రా? గందుకే గంత ఉరుకులాట. ట్రాఫిక్కు," అన్నాడు.

"నీ బడాయి సాలు గని, పాలు పట్కరాపో," అన్నది ఆమె.

ఇక మోగ్లీ. అన్నకు అన్నిటికీ ప్రమాణం ఇదే. పోయిన చలికాలం కూతురిని అమ్రాబాద్ పులుల అడవికి తీసుకుపోయాడు. ఫర్హాబాద్ దగ్గర సఫారీ జీపులోంచి పిల్లకు నెమలి కనిపించింది, కొండముచ్చులు కనిపించాయి, పులి మాత్రం రాలేదు. ఆ లోటు తీర్చటానికి అన్న నానా పాటేకర్ గొంతు అందుకున్నాడు. డ్రైవర్ వెనక్కి తిరిగి "అన్నా, జర మెల్లగ. జంతువులు బెదురుతయి," అన్నాడు. గొంతు తగ్గించి అన్న బాయి సీను మొదలుపెట్టాడు.

ఆ మండలంలో బాయి సీను విననివాళ్లు లేరు. షేర్‌ఖాన్ మోగ్లీని తరుముతుంటాడు. అడ్డంగా పాత బాయి. మోగ్లీ గట్టు మీది ఈతచెట్టు కమ్మ పట్టుకుని అవతలికి దూకుతాడు, షేర్‌ఖాన్ దభీమని బాయిలో పడతాడు. ఈదుకుంటూ మెట్ల దాకా వస్తాడు. మీసాలు బయటికి కనిపిస్తుంటాయి. అప్పుడు మోగ్లీ ఉరికిపోయి స్టార్టర్ నొక్కుతాడు. మోటరు చప్పుడుకు షేర్‌ఖాన్ బెదిరి మళ్లీ నీళ్లలో పడతాడు.

"డాడీ, అడివిల మోటరెక్కడిది?" అన్నది పిల్ల.

ముప్పై ఏళ్లలో ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు. మన దిక్కు బాయి ఉన్నదంటే మోటరుంటది, మోటరుంటే స్టార్టరుంటది. అడివైతే మాత్రం?

ఇంటికొచ్చి ఫోన్లో వెతికారు. మొత్తం 52 ఎపిసోడ్లు. ఎంత ముందుకు జరిపినా, ఎంత వెనక్కి జరిపినా బాయి లేదు, స్టార్టర్ అసలే లేదు. "నెట్టుల ఏసేటోళ్లు కోసేసిన్రు," అన్నాడు అన్న. పిల్ల ఒప్పుకోలేదు. "నువ్వు టీవీల జూసినవా, ఎవలన్న చెప్పిన్రా?" అని గుచ్చి గుచ్చి అడిగేసరికి అసలు సంగతి బయటపడింది. ఆదివారం మోగ్లీ నడుమలో ఉండగానే కరెంటు పోయేది. పక్కూరి ఫీడర్ వేరు. అందుకని మిగతా కథ సోమవారం బళ్లో పక్కూరి దోస్తు చెప్పేవాడు. ఆ దోస్తు ఇప్పుడు జేసీబీ నడుపుతున్నాడు. స్పీకర్ పెట్టి ఫోన్ చేశారు.

"అరే, మోగ్లీల గా బాయి సీను యాదికున్నదిరా?"

అవతల పెద్ద నవ్వు. "గది మా బాయిరా. మా ఇంట్ల టీవీ ఏడుండె? నువ్వు వారం వారం అడుగుడాయె. చెప్పకుంటె నీ డబ్బల మురుకులు పెట్టకపోతివి."

అన్న గొంతు సవరించుకున్నాడు. "మరి షేర్‌ఖాన్‌కు జరమొచ్చి మంచంల వడ్డ ఎపిసోడు?"

"గది మా తాత."

"బగీరా తప్పిపోతే మూడు దినాలు దేవులాడింది?"

"గది మా బర్రె."

వంటింట్లో నుంచి భార్య నవ్వు వినిపించింది. పిల్ల అయితే ఫోన్ లాక్కుని, బర్రె దొరికిందా లేదా అని ఆ మామను అరగంట విడువలేదు. అన్న ఆ రాత్రి ఎవరితోనూ సరిగా మాట్లాడలేదట. అనుభవం మీద చెప్తున్నాను, ఇలాంటి మనుషులు ఒక్క రాత్రి కంటే ఎక్కువ కుంగిపోరు.

మర్నాడు సాయంత్రం క్లాక్ టవర్ దగ్గర చాయ్ చెప్పి, బెంచీ మీదివాళ్లను దగ్గరికి జరగమన్నాడు.

"మోగ్లీ మొత్తం యాభై రెండు ఎపిసోడ్లనుకుంటున్నరు గదా? గవి గాక ఇంకో మూడున్నయి. దూరదర్శనోళ్లు ఒక్కపారే ఏసిన్రు. మా పక్కూరి ఫీడర్‌కు తప్ప యాడ రాలె."