టోయింగ్ చీటీకి టీకా తాత్పర్యం

మూలం: "టోయింగ్ చేయబడిన వాహనమునకు కలుగు ఎట్టి నష్టమునకును మేము బాధ్యులము కాము."

అవతారిక: జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో, మెట్రో స్తంభాల నీడన నిలిపిన కారును క్రేను ఎత్తుకొనిపోగా, జరిమానా చెల్లించి విడిపించుకొన్న యజమానికి లభించిన చీటీ వెనుక ఈ మహావాక్యం వెలసినది. పోవునప్పుడు కారు ఆరోగ్యముగానే ఉండెను. ఇప్పుడు సెల్ఫ్ తీసుకోదు. తాళం తిప్పితే టకటకమని, డాష్‌బోర్డు దీపాలు కొడిగట్టును.

ప్రతిపదార్థం సులభం కనుక విడిచితిమి. "చేయబడిన" వద్ద మాత్రం ఆగక తప్పదు. చేసినవారెవరు? వాక్యమంతా వెతికినను కర్త దొరకడు. టోయింగ్ దానంతట అది చేయబడెను, నష్టము దానంతట అది కలిగెను; ఆపై హఠాత్తుగా "మేము" అని ఒక బహువచనం ప్రత్యక్షమై, తాను కాదని చెప్పి అంతర్ధానమయ్యెను.

పూర్వపక్షం: "మీ బ్యాటరీయే పాతది సార్." ఇది యార్డులోని కుర్రవాని మతం. పాతదే కావచ్చు. కానీ పొద్దున ఇంటి నుంచి ఇక్కడిదాకా నడిపించింది ఆ పాత బ్యాటరీయే కదా!

సిద్ధాంతం: నిండుగా ఉన్న కారు బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు దిగెనా, అది దాదాపు ఖాళీయే. ఇండికేటర్లు నాలుగూ వెలుగుతుండగా బండిని యార్డులో పడేస్తే దిగకేమి? వంపును పసిగట్టే అలారం ఉన్న కారును ముక్కు పట్టి ఎత్తితే అది అరచును. ఆ అరుపుకూ బ్యాటరీయే కూడు. గతుకులలో లాగితే, ముందే వదులుగా ఉన్న టెర్మినల్ ఊడిపోవచ్చును. సెల్ఫ్ చక్కగా తిరుగుచు ఇంజను మాత్రం అందుకొననిచో రోగము వేరు: కొన్ని కార్లలో గట్టి కుదుపునకు ఇంధనాన్ని ఆపివేసే స్విచ్చి ఉండును, దానిని మరల నొక్కవలెను. "తోస్తే స్టార్టవుద్ది" అను లోకోక్తి ఆటోమేటిక్ బండికి వర్తించదు. పైపెచ్చు, ఇంజను ఆగి ఉండగా ఇంజను నడిపించే చక్రాలు నేలమీద దొర్లుతూ పోతే చాలా ఆటోమేటిక్ బండ్లలో గేర్‌బాక్సుకు నూనె అందించే పంపు తిరగదు. లోపల ఇనుము ఇనుమును తినును.

విశేషం: ఈ లాగుడు విద్య ఫిల్మ్‌నగర్‌కు కొత్త కాదు. హీరో కారు నడుపు దృశ్యంలో చాలాసార్లు ఆయన నడపడు. కారు ఒక ట్రైలర్ బల్లపై కూర్చుండును, కెమెరా బానెట్ ముందు కూర్చుండును, ముందు వేరొక బండి లాగుచుండును. తిన్నని రోడ్డుపై కూడా హీరో స్టీరింగును అటూ ఇటూ తిప్పుచు, రోడ్డు చూడక హీరోయిన్ కళ్లలోనికే చూచుచు డైలాగు ముగించును. ఒక్క గుద్దూ పడదు. వెనుకటి కాలమున కారు స్టూడియోలోనే నిలిచి ఉండెడిది, వెనుక తెరపై రోడ్డు పరుగెత్తెడిది. అప్పుడు కారును ఇద్దరు మనుషులు ఊపుట చాలును. ఇప్పుడా తెరకు బదులు ఎల్ఈడీ గోడ వచ్చినది. కారు ఇప్పటికీ కదలదు. నాకు ఈ కళపై గౌరవం మెండు. అబద్ధపు ప్రయాణానికి నాలుగు చక్రాలూ బల్లమీదికెక్కించే శ్రద్ధలో సగమైనా నిజమైన ప్రయాణానికి ఉండకూడదా?

చీటీని మరచితిమి.

ప్రమాణం: 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం పార్కింగు నిషిద్ధమైన చోట నిలిపిన బండిని తొలగించుటకు యూనిఫాంలోని పోలీసు అధికారి అనుమతించవచ్చును. ఖర్చు యజమానిదే. ఒప్పుకుంటిమి, కట్టితిమి. కానీ ఎత్తుకుపోయిన వస్తువును ఎట్లు చూచుకోవలెను? జునాగఢ్‌లో కస్టమ్స్ వారు పట్టుకొన్న ట్రక్కులు చెడిపోయి వేలం పాలైన వ్యాజ్యంలో, ఒప్పందం లేకున్నను స్వాధీనం చేసుకొన్న ప్రభుత్వానికి వాటిని కాపాడే బాధ్యత ఉన్నదని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పినది. 2019లో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్ కేసు ఇంకా దగ్గరిది. వాలెట్ వారికిచ్చిన మారుతి జెన్ పోయినది. "యజమాని బాధ్యతపైనే" అని చీటీపై అచ్చువేసినంత మాత్రాన అజాగ్రత్త మాసిపోదని కోర్టు తేల్చినది. అచ్చు చేయించినవారెవరూ ఆ తీర్పులు చదివినట్లు లేదు.

సంజీవని: మెదక్ జిల్లా కోల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్య పేరు ఇదే. చెడ్డ వ్యాఖ్యల విషంతో మూర్ఛిల్లిన కవివాక్కును లేపుటకే రాసితిననెను. నైషధవ్యాఖ్యకు పెట్టిన జీవాతువు అను పేరూ బ్రతికించు మందే. ఆ మహానుభావుడికి పక్కవాడి బండి అక్కరలేకపోయినది, చచ్చిన బ్యాటరీని లేపుటకు మనకు కావలెను. అన్వయక్రమం తప్పరాదు: ఎర్ర తీగ ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తరువాత బతికిన దాని ప్లస్‌కు. నల్ల తీగ బతికిన దాని మైనస్‌కు, చివరి కొస చచ్చిన బండి ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండవచ్చును, నిప్పురవ్వ కూడదు.

శేషమూలం: "24 గంటలలో వాహనమును తీసుకొనిపోని యెడల నిలుపుదల రుసుము వసూలు చేయబడును."

కదలని వాహనమును తీసుకొనిపోవుట ఎట్లు? మెకానిక్‌ను గేటు లోపలికి రానీయకపోతే ఎట్లు? మూర్ఛ వారి యార్డులోనే వస్తే, మంచం అద్దె మా మీదనా? క్లిష్టస్థలం ఎదురైనచోట వ్యాఖ్యాతలు పాటించే సంప్రదాయమే నాకును శరణ్యం.

స్పష్టము.