అగ్నిరేఖ ఆత్మకథ

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారిపై ఇంచుమించు ఏబది కిలోమీటర్లు ప్రయాణము చేసి, చౌటుప్పల్ పట్టణపు కలకలమును దాటి, గుట్టల వంకకు తిరిగిన బాటసారికి, ఒకవైపు తంగేడు, బలుసు, సీతాఫలపు పొదలతో నిండిన చిట్టడవియు, వేరొకవైపు తెల్లని హద్దురాళ్లు పాతిన ఇండ్లస్థలములును కనుపట్టు చోట, ఆ రెంటి నడుమ గడ్డిలో సగము మునిగిన యొక మట్టిచార కంటబడవచ్చును. ఆ చారను నేనే. అటవీశాఖవారు నన్ను ఫైర్ లైన్ అందురు. పుస్తకములలో అగ్నిరేఖ యని వ్రాయుదురు. మా చుట్టుపట్ల పసులకాపరులు మాత్రము ఉత్త "గీత" యని పిలిచెడివారు. నాకా చిన్నపేరే యిష్టము. ఏలయన గీత యనునది ఒకమారు గీచినంత మాత్రమున నిలుచునది కాదు. చెరిగినప్పుడెల్ల మరల గీయవలసినది.

నా వంశచరిత్ర క్లుప్తమైనది. 1860ల దశకమున మధ్యపరగణాలలోని బోరి అడవిలో పియర్సన్ అను దొర గడ్డి కోయించి, చారలు తీయించి, అడవిని నిప్పునుండి కాపాడవచ్చునని చూపగా, ఆ పద్ధతి క్రమముగా దేశమంతట వ్యాపించినది. నైజాము నాటి 1355 ఫసలీ అటవీచట్టమునకు బదులుగా వచ్చిన 1967 నాటి అటవీచట్టము, రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట నేరమని శాసించినది. చట్టమును మనుష్యులకు చదివి వినిపింపవచ్చును. నిప్పునకు వినిపింపవలసిన దానను నేను.

నన్ను పుట్టించుటకు యంత్రములతో పనిలేదు. పుష్యమాసము వెళ్లి ఆకురాలు కాలము రాగానే, కొడవండ్లు, పారలు, గొడ్డళ్లు పట్టుకొని పదిమంది వచ్చి, మూడు మీటర్ల వెడల్పున గడ్డి కోసి, రాలిన ఆకును ఊడ్చి, ఎఱ్ఱని గరుసునేల కనబడువరకు గోకుదురు. కోసిన గడ్డిని నా నడుమ కుప్పలు వేసి, తెల్లవారుజామున గాలి నిలిచియుండగా, మంచు ఆరకమునుపే, కాపలా పెట్టుకొని కాల్చుదురు. మంట పుట్టుటకు వేడిమి, గాలి, కాలెడి వస్తువు ఈ మూడును కావలెను. చైత్రవైశాఖములలో మా మెట్టప్రాంతమున వేడిమిని ఆపగలవారు లేరు, గాలిని కట్టగలవారు లేరు. మూడవదానిని మాత్రము మనుష్యుడు తన చేతులతో తీసివేయగలడు. నేర్చిన విద్య నాకిదియొక్కటే. దానిని నేనెన్నడును తప్పుగా వాడలేదు.

వానాకాలములో నేను మరల పచ్చబడుదును. అందుకు నాకు చింతలేదు. అది నాకు విశ్రాంతి. నా యొడిలో గునుగు తెల్లగా పూచును, నా అంచులలో తంగేడు పసుపుపచ్చగా విరియును. బతుకమ్మ పండుగనాళ్లలో తెల్లవారకముందే ఆడపిల్లలు బుట్టలు చంకనిడుకొని నా మీదుగా నడచి, ఆ పూలను కోసికొనిపోవుచు పాడుకొను పాటలు విని, శిశిరమున నన్ను గోకిన పారల గాయములన్నియు మరచిపోయెడిదానను. అడవికిని ఊరికిని నడుమ నేను హద్దునే గాని అడ్డుగోడను కాను. ఆ తంగేటి పువ్వే నేడు తెలంగాణ రాష్ట్రపుష్పము. దాని పేరుతోనే చౌటుప్పల్ సమీపమున లక్కారము అడవిలో తంగేడువనము వెలసినది.

నా జీవితమున గర్వించదగిన రాత్రి యొకటి గలదు. అది కాముని పున్నమ వెళ్లిన నాలుగైదు దినములకు. మోదుగులు ఆకు రాల్చి పువ్వు దాల్చినవి. పూర్వకవులు కింశుకములను నిప్పుతో పోల్చుట వట్టి అలంకారమని యెంచినవారు ఆ రాత్రి నాతోకూడ నుండవలసినది. గుట్టపైనుండి దిగిన మంట మోకాలెత్తు మాత్రమే యున్నను, ఎండిన బోదగడ్డిని నమలుచు, ఎలుకల బొరియలను పొగతో నింపుచు, బారుగా వరుసకట్టి నావైపు నడచివచ్చినది. ఊరినుండి ముందుగా పరుగెత్తి వచ్చినవాడు గొఱ్ఱెలు కాచు ముసలి కురుమ తాత. అతడు గొంగళి దులిపి భుజమున వేసికొని, "పొరగాండ్లు, మీదికి పోకుండ్రి! గీత మీదనె నిలబడుండ్రి. అవుతలకు దాటిన రవ్వనే కొట్టుండ్రి" అని కేకవేసెను. యువకులు వేప రొట్ట విఱిచి పట్టుకొని, నా పొడవునను పదేసి అడుగుల కొకడుగా నిలిచిరి. మంట నా అంచునకు వచ్చి, తినుటకేమియు దొరకక, ఒకచోట వంగి, ఒకచోట లేచి, తుదకు తనంతట తానే బూడిదలో కూలబడినది. అవతలకు ఎగిరిన రవ్వలను ఆ రొట్టలు నేల కరపించినవి. తెల్లవారి చూడగా, నాకు ఊరివైపున నొక పొదక్రింద కముజుపిట్ట గ్రుడ్లపై కదలక కూర్చుండియున్నది.

భారతములో ఖాండవదహన వేళ జరితయను పక్షి, ఱెక్కలు రాని నలుగురు పిల్లలను ఎట్లు కాపాడుకొందునని విలపించుచు, ఎలుకబొరియలో దాగుడని చెప్పగా, లోపల ఎలుక భయము, వెలుపల అగ్ని భయము నడుమ ఆ పిల్లలు అగ్నిదేవునే ప్రార్థించి బ్రదికిరి. ప్రార్థన నేర్వని కముజుపిట్ట కొఱకు మనుష్యులు నన్ను గీచిరి గదా యని ఆ తెల్లవారుజామున నాకు కలిగిన తృప్తి మరల నెన్నడును కలుగలేదు. నేలమంట పెద్దచెట్లను చంపదని పలువురు తేలికగా ననుకొందురు. చంపునది చెట్టును కాదు, చెట్టుకాబోవు మొలకను. నేలపై గ్రుడ్లు పెట్టు పక్షిని. తొలివానకు గుట్టమన్ను కొట్టుకొనిపోకుండ పట్టియుంచు ఆకుకుళ్లును.

ఈ మంటలు ఆకాశమునుండి పడినవి కావు. మన దేశపు అడవిమంటలలో అత్యధికభాగము మనుష్యుల చేతినుండి పుట్టినవే. కొత్తగడ్డి త్వరగా మొలుచునని కాపరియు, తునికాకు లేతగా చిగుర్చునని ఆకు కోయువారును, రాలిన ఇప్పపువ్వు స్పష్టముగా కనబడునని ఏరుకొనువారును పెట్టిన నిప్పు కొంత. వరి కొయ్యకాళ్లను కాల్చి, ఆరకముందే ఇంటికి మరలిన రైతుది కొంత. కారు కిటికీనుండి జారిపడిన సిగరెట్టుది కొంత. వీరిలో పేదవాని నిప్పు కడుపుకొఱకు పుట్టినది. అతనికి గడ్డియో, కూలియో వేరొక దారిలో చూపినవాడే అతనిని మాన్పగలడు. కారులో పోవువాని కట్టి యక్కరయు లేదు.

కాలము మారినది. రహదారి వెడల్పైనది, చౌటుప్పల్ పురపాలకమైనది, చుట్టును కర్మాగారములు లేచినవి, ప్రాంతీయ వలయరహదారి ఇటు వచ్చుననగానే చెలకలన్నియు ప్లాట్లయినవి. ఇండ్లు కట్టుకొనుట తప్పు కాదు. నగరమున అద్దెలు మోయలేని సంసారములకు ఇక్కడ నీడ దొరకినది. నా వ్యథ వేరు. ఒక వెంచరువారు హద్దురాళ్లు పాతునపుడు, నన్ను ఖాళీగానున్న బాటయనుకొని మట్టి కుమ్మరించిరి. మరుసటి ఏడు ఇంటిపనిలో మిగిలిన థర్మోకోలు, సిమెంటు సంచులు నా మీదికి చేరినవి. అటుపై పెండ్లిపందిళ్ల విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు, చింపిరి పరుపులు. కురుమ తాత కాలము చేసెను. నాటి యువకులలో కొందఱు నగరమునకు, కొందఱు కర్మాగారములకు పోయిరి. నన్ను గోకువారు ఒక ఏడు ఆలస్యముగా వచ్చిరి, ఒక ఏడు సగము గోకి పోయిరి, పిమ్మట రాలేదు. నాకు ఊరివైపువారు నేను అడవిసొత్తనిరి. అడవివైపువారు నేను ఊరిసొత్తనుకొనిరి. ఇద్దఱి నడుమ నేనెవరి దానను గాకుండ పోయితిని.

చెరపబడుటయందలి బాధ ఏమనగా, అది ఒక్కనాట జరుగదు. మొదట ఒక గడ్డిదుబ్బు లేచును. దాని నీడను ఇంకొకటి. వానికి చిక్కుకొన్న యొక కవరు. కవరును పట్టుకొన్న ఎండుటాకులు. మూడేండ్లలో నేను, నేనాపవలసిన దానితోనే నిండిపోతిని. నిప్పునకు అడ్డముగా నుండుటకు పుట్టినదానను, నిప్పునకు వంతెన నయితిని. నా బ్రదుకులో ఇంతకు మించిన అవమానము లేదు.

అనుకొన్నదే జరిగినది. ఒక వేసవి మధ్యాహ్నమున నాపై పేరుకొన్న చెత్తకుప్పకెవరో నిప్పంటించి, పొగ రాగానే పని ముగిసినదని వెడలిపోయిరి. సుడిగాలి లేచినది. ఈమారు నిప్పు అడవినుండి ఊరికి రాలేదు. ఊరినుండి అడవికిని, ఊరికిని ఏకకాలమున పోయినది. ఒక పాయ గుట్ట నెక్కినది. నిప్పు దిగుటకంటె ఎక్కుటలోనే వేగిరపడును. రెండవ పాయ రవ్వలై ఎగిరి, చివరి యింటి గోడకానుకొనియున్న గడ్డివామునందును, పచ్చని వలగుడ్డ కప్పిన లేగదూడల కొట్టమునందును పడినది. దూడలను విప్పి తోలగలిగిరి; కొట్టము బుగ్గియైనది. అది కురుమ తాత యిల్లు.

ఇట్టి కథ మాకొక్కరికే గాదు. తెలుగువారు వేలసంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియాలో 2018 నవంబరు 8న పారడైజ్ అను పట్టణమును అడవిమంట చుట్టుముట్టి 85 మందిని బలిగొని, పదునెనిమిదివేలకు పైగా కట్టడములను బూడిద చేసినది. ఆ పట్టణమునకు ఊరు ఖాళీచేయు ప్రణాళిక లేకపోలేదు. అయినను దారులు వాహనములతో మూసికొనిపోయినవి. ఊళ్లు అడవులకు ఎదురుగా పెరుగుచోట, అచటి పౌరులు, అగ్నిమాపకులు, అటవీ అధికారులు ఒకచోట కూర్చుండి తమ రక్షణప్రణాళికను తామే వ్రాసికొనుటను ప్రోత్సహించుచు అమెరికా 2003లో చట్టము చేసినది: ఎచట ఎండుసరకు తీయవలెను, ఇండ్లు అంటుకొనకుండుట కేమి చేయవలెను, ఎవరెవరు కలసి నిర్ణయింపవలెను అను మూడును అందుండవలెను. అచట ఇంటిచుట్టు నూరడుగులు శుభ్రపరచుకొందురు. గోడనానుకొని అయిదడుగులలో కాలునదేదియు నుంపరాదందురు. పెక్కు ఇండ్లు మంట తాకి కాక రవ్వలు వ్రాలి అంటుకొనుటయే దానికి హేతువు. మా గుట్టలమంట అంత పెద్దది కాదు. కాని రవ్వ గడ్డివాములో పడినపుడు, ఆ యింటికి అదే పారడైజ్.

మనకును సాధనములు లేకపోలేదు. దెహ్రాదూనులోని భారత అటవీ సర్వేవారు 2004 నుండి ఉపగ్రహముల సాయమున మంటలను గుర్తించుచు, నేడు క్షేత్రసిబ్బంది సెల్‌ఫోనులకు తెలుపుచున్నారు. పాలమూరు సీమలోని అమ్రాబాద్ అభయారణ్యమున చెంచు యువకులు ఫైర్ వాచర్లుగా వేసవియంతయు కాపలా తిరుగుదురు; శ్రీశైలపు దారి కిరువైపుల నా అక్కచెల్లెండ్రు ఏటేట శుభ్రమగుచుందురు. అయినను, ఈ హెచ్చరికలకు వాడు ఉపగ్రహముల కన్నులలో సూక్ష్మమైన దానికి సయితము 375 మీటర్ల గడియే ఒక చుక్క. అదియు దినమునకు కొలదిమారులే మా నెత్తిమీదుగా పోవును. చెత్తకుప్పలోని చిఱుమంటను మొదట చూచునది మిద్దెపై గాలిపటమెగురవేయు పిల్లవాడే. ఆ పిల్లవానికి అగ్నిమాపకశాఖవారి 101 అను సంఖ్య తెలియవలెను. అగ్నిమాపక యంత్రము వచ్చునప్పటికి దానికి దారి యుండవలెను. నీళ్లు ఏ బోరువద్ద దొరకునో, కదలలేని వృద్ధులు ఏ యింట నున్నారో వీథిలో నిద్దరికైన తెలియవలెను. 1992లో మొదలైన వన సంరక్షణ సమితులు చెప్పినదియు నిదియే: అడవి కాపలా ఊరివారి చేతులలో నుండినగాని నిలువదు. పోచంపల్లి మాకు దూరము కాదు. 1951 ఏప్రిలు 18న వినోబా అడుగగా నూరెకరాలు దానమైన నేల యది. నా కొఱకు ఎకరము నడుగను. సంవత్సరమున కొక పూట, ఇంటి కొక మనిషి చాలును.

మొన్నటి మాఘమున ఒక వేకువజామున పారచప్పుడు విని ఉలికిపడితిని. కురుమ తాత యిల్లాలు, నడుము వంగినది, మనుమనితో వచ్చి, కొట్టముండిన చోటు వెనుక నా పై గడ్డి గోకుచున్నది. "మీ తాత ఉన్నన్ని దినాలు గీత మీద పోచ మొలవనియ్యలె బిడ్డా" అనెను. మనుమడు చెత్త సంచికెత్తుచు, "గింత పొడుగు మనిద్దరమె ఎట్ల చేస్తమే అవ్వా" అని యడిగెను. ఆమె బదులు చెప్పక, తడి గరుసుపై పార ఆనించి, గుట్ట మొదలువరకు ఒకమారు చూచి, మరల వంగినది. పొద్దెక్కునప్పటికి ఇరువది గజములు నేను బ్రదికితిని. ఇరువది గజముల గీతను నిప్పు ఇటుగానో అటుగానో చుట్టిపోగలదు. ఆ సంగతి ఆమెకును తెలియును.

మిగిలిన నేను ఇంకను గడ్డిక్రిందనే యున్నాను. గాలి నిలిచిన తెల్లవారుజామున, మంచు ఆరకమునుపే రండు.